వంటింటి లైన్ క్లియర్

ఆదివారం మధ్యాహ్నం భర్త హరికిరణ్ అన్న మాట దగ్గరే నవ్య మనసు ఇంకా ఆగిపోయి ఉంది. "రోజూ నువ్వే ఆయన్ని పాస్ చేయించేత్తన్నావు. ఇంక డాక్టరు దగ్గరికెందుకొత్తాడు?" అన్నాడతను. అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా తిరిగి ఏదో ఒకటి అనగలిగేది.

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. హరి తండ్రి తవిటయ్య టాటానగర్ రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. పర్సుడీహ్‌లోని ఆ ఇంట్లో, ముందు గదిలో, ఆయనకొక పాత కంప్యూటరుంది. తన ఆఫీసులో పక్కన పడేసిన దాన్ని నవ్యే అడిగి తెచ్చి, లినక్స్ వేసి, ఆయన పేరున ఖాతా తెరిచి ఇచ్చింది. స్నానం చేసి టీ తాగాక ఆయన రోజూ దాని ముందు కూర్చుంటాడు. ఏ బండి ఎక్కడుందో చూస్తాడు, వీధిలో అడిగినవాళ్లకి చెబుతాడు. ఈ ఏడు వానలు పట్టినప్పటి నుంచి ఆయన పాస్‌వర్డ్ మరిచిపోతున్నాడు. ఆమె పెట్టి ఇచ్చిన పదం బదులు ఏదో ఒక అంకె పలికి, అదే కొట్టేవాడు. ఒక ఉదయం ఆ అంకె వంటింట్లో ఉన్న నవ్యకి వినపడింది. ఆమె తన ల్యాప్‌టాప్ నుంచే ఆయన యంత్రంలోకి వెళ్లి, పాస్‌వర్డ్‌ని ఆ అంకెగా మార్చేసింది. ముందు గదిలో తెర తెరుచుకుంది. "హాఁ" అని చిన్న తృప్తి వినపడింది. ఆ శబ్దం కోసం ఆమె అప్పటి నుంచీ ప్రతి ఉదయం అదే పని చేస్తూ వచ్చింది.

హరికి ఈ సంగతి తెలిసిపోయింది. సాక్చీలో డాక్టరుకి సోమవారం చూపించడానికి అతను అప్పటికే మాట్లాడి ఉంచాడు. "బుర్ర సెడిపోయినోడు రోజూ మిషను ఎలాగ తెరుత్తాడ్రా?" అని తవిటయ్య మొండికేశాడు. "రేపొక్కపూట మార్చకు" అని హరి ఆమెను అడిగాడు. ఆమె సరేననలేదు. కాదని కూడా అనలేదు.

*

సోమవారం ఉదయం ఎండ చలికి వణుకుతున్నట్టు పలచగా ఉంది. హరి ఆదిత్యపూర్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని ఇంకా రాలేదు. నవ్య ల్యాప్‌టాప్‌ని ఎప్పటిలాగే పిండి డబ్బా మీద పెట్టుకుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

నల్లటి తెర మీద ఒక మాటా, దాని పక్కన మామగారి పేరూ టైపు చేసి ఆగింది. ఎంటర్ నొక్కలేదు. పాస్‌వర్డ్ మార్చడానికి అంతకంటే ఎక్కువ రాయనక్కర్లేదు. ఎవరైనా తన పాస్‌వర్డ్ తానే మార్చుకోబోతే యంత్రం ముందు పాతది చెప్పమంటుంది. పైఅధికారం ఉన్నవాళ్లు, అంటే 'రూట్'గా వచ్చినవాళ్లు, ఇంకొకరిది మార్చేటప్పుడు మాత్రం పాతది అడగదు. ఆఫీసులో మరిచిపోయిన వాళ్లందరికీ ఇలా మార్చి ఇవ్వడం ఆమె ఉద్యోగంలో భాగమే. అక్కడ ఈ తేడా గురించి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఇంట్లో, పప్పు వాసన మధ్య, ఆలోచిస్తోంది. ఒక మనిషి మీద అధికారం దొరికాక అతని పాత సంగతులు అడగనక్కర్లేకుండా పోతుందా? ఈయన గురించి తనకేం తెలుసు? వంకాయ తొక్క తీయకుండా తినడు. చెప్పులు ఎప్పుడూ గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కకి తిప్పి విడుస్తాడు. అత్తగారు పైడితల్లి పోయినరోజు ఏడవలేదు, వచ్చినవాళ్లకి తిరుగు బళ్లు ఎప్పుడున్నాయో చెబుతూ కూర్చున్నాడు. ఇంతే. ఇంత తక్కువ తెలిసి, రోజూ ఆయన తాళం మారుస్తోంది.

ఈ పనిలో ఆమెకి మొదటి నుంచీ ఇష్టమైనదొకటుంది. కొత్త పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద ఏమీ కనపడదు. చుక్క కూడా పడదు. వేళ్లు చేసిన పని వేళ్లకే తెలియాలి. ఆ తర్వాత యంత్రం ఇంకొకసారి కొట్టమంటుంది, రెండూ ఒకటైతేనే ఒప్పుకుంటుంది. రెండంకెల పాస్‌వర్డ్ మరీ పొట్టిదని సణుగుతుంది గానీ రూట్ మాట కాదనదు. ఆ సణుగుడు చదివి నవ్య రోజూ నవ్వుకునేది. ఇవాళ చేతులు పిండి డబ్బాకి అటూ ఇటూ ఆనించి నిలబడింది.

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

"నలభై ఏడు" అన్నాడు తవిటయ్య.

ఆమె వేళ్లు వాటంతటవే మీటల మీదికి వెళ్లాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుని కొంగులో చుట్టేసుకుంది. చిన్నపిల్ల చేతులు పట్టుకున్నట్టు పట్టుకోవలసి వచ్చింది.

అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా, "నలభై ఏడు." మీట చప్పుడు, ఇంకో మీట, ఎంటర్. తెర ఒప్పుకోలేదని ఆమెకి చూడకుండానే తెలుసు. ఆయన కళ్లద్దాలు తీసి లుంగీకి తుడుచుకుంటూ ఉంటాడని కూడా తెలుసు. మూడోసారి ఆ గొంతులో కోపం లేదు. అడుగుతున్నట్టుంది. "నలభై... ఏడు. హలో?"

ఆ హలో ఎవరికి?

అప్పుడే వీధి కిటికీ దగ్గర దాలమ్మ కేక. పక్కింటి మనిషి, ఇంత పెద్ద గొంతు. "తవిటన్నా! ఇశాపట్నం బండి ఎంతలో ఉన్నాది? మా సెల్లి దాన్లోనే వత్తన్నాది!"

"ఆగు దాలమ్మా. లైన్ దొరకలేదు."

"నీ మిషనుకి కూడా లైన్లో నిలబడాలేటన్నా? గేస్ బండకి నిలబడ్డట్టు?"

"నీ ఫోన్లో సూసుకోకూడదేటి?"

"నా ఫోను మా మనవడు పింటూగాడి సేతిలో ఉన్నాది. లాక్కుంటే ఇల్లు పీకి పందిరేత్తాడు. నువ్వు బేగి సెప్పు, నాను ఆటో మాటాడుకోవాల."

"ఇవాళ సెప్పలేను" అన్నాడు తవిటయ్య.

ఆయన నోట ఆ మాట ఆ వీధిలో ఎవరూ విని ఉండరు. "సర్లే అన్నా, టేసనుకెల్లి కూకుంటాను. సలికాలం, టీ కూడా తాగొచ్చు" అని, గొంతు బాగా తగ్గించుకుని వెళ్లిపోయింది. ఆ తగ్గించుకోవడమే నవ్యకి భరించరానిదైంది. పొయ్యి కట్టేసి ముందు గదిలోకి వెళ్లింది.

ఆయన కంప్యూటరు వైపు లేడు. కుర్చీ తిప్పుకుని వంటింటి గోడకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఉతికిన లుంగీ, పైన కొడుకు పాత స్వెటరు.

"ఏటమ్మా? ఇవాళ డ్యూటీలో లేవేటి?"

"ఏ డ్యూటీ మామయ్యా?"

"నంబరు సెప్పినాను. మూడుసార్లు సెప్పినాను. నువ్వు తీసుకోలేదు."

నవ్య గుమ్మం పట్టుకుంది. దొంగతనం బయటపడిన సిగ్గు ముందు వచ్చింది. దాని వెనకే, ఇంకా అర్థంకాని ఏదో తేలిక. "మీకు తెలుసా?"

"గోడవతల టకటకలాడతంటే తెలీదేటి? సెవులు బాగానే ఉన్నాయి నాకు." తవిటయ్య చూపుడువేలితో కుర్చీ చేతి మీద కొట్టి చూపించాడు. "రెండు కొడతావు. ఒక గడియ ఆగుతావు. మల్లీ ఆ రెండే కొడతావు. రిపీట్ సేత్తన్నావన్నమాట. అప్పుడు నాను కొడతాను. రిపీట్ రాకుండా ఎవుడైనా బండి వదుల్తాడేటి?"

ఆమె స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "నాకు చెప్పండి. మొదట్నించీ."

చెప్పాడు. ఆయన మాటలు వంకర దారిలో వచ్చాయి గానీ ఒక్కటీ పట్టాలు తప్పలేదు. కేబిన్‌కీ స్టేషన్ మాస్టరుకీ మధ్య ఫోను. దారి ఖాళీగా ఉందని ఇవతలి మనిషి కళ్లతో చూసుకుని, అవతలి మనిషికి ఒక నంబరు చెప్పాలి. ప్రైవేట్ నంబరంటారు. ఇద్దరికే తెలిసిన నంబరు. అవతలి మనిషి దాన్ని తిరిగి పలకాలి. పలికాకే సిగ్నల్. వాడిన నంబరు కొట్టేయాలి. మళ్లీ బండికి మళ్లీ కొత్తది.

"మరి నేను పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్?"

"ఒకే నంబరు రోజూ వాడతారేటమ్మా? సస్పెండ్ సేసేత్తారు!" ఆయన నిజంగానే భయపడినట్టు చూశాడు. "దొంగెదవ కూడా నేర్చేసుకుంటాడు."

నవ్యకి నవ్వొచ్చింది. ఆఫీసులో నెలకోసారి మార్చండని తను అందర్నీ బతిమాలే మాట ఇదే. నవ్వు సగంలో ఉండగానే అడగకూడనిది అడిగేసింది. "అది గుర్తుందా మామయ్యా?"

తవిటయ్య మోకాలి మీద లుంగీ అంచు సరిచేసుకున్నాడు. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్లీ సరిచేశాడు.

"లేదమ్మా" అన్నాడు. "అది పోనాది. ఎతికితే దొరకలేదు. ఎతుకుతా ఎతుకుతా ఉంటే ఇది దొరికినాది."

ఇన్నాళ్లూ తాను ఆయనకి అబద్ధం అమర్చి పెడుతున్నానని నవ్య అనుకుంటూ వచ్చింది. హరి కూడా అదే అనుకున్నాడు. మనసులో ఒక అంతస్తు కూలిపోతే మనిషి దాని కిందికి, ఇంకా గట్టిగా ఉన్న దానికి దిగుతాడని ఆమె ఎక్కడో చదివింది. అలా దిగినవాడు అక్కడ ఒంటరిగా ఉంటాడని కూడా చదివింది. ఈయన ఒంటరిగా లేడు. గోడకవతల ఒక మనిషిని నిలబెట్టుకున్నాడు. ఆ మనిషి తనేనని ఆమెకి తెలియలేదు గానీ, ఆయనకి మొదటి నుంచీ తెలుసు. ఇన్ని ఉదయాల్లో ఆమె ఒక్కతే ఆ పనిని రహస్యమనుకుంది.

"మునుపు టేసన్లో సూర్యం ఉండీవోడు ఫోనుకి అవతల" అన్నాడాయన. "మంచి గొంతు. ఆడు పోనాడు. ఇప్పుడు నువ్వున్నావు." కాస్త ఆగి, అదే గొంతుతో, "మీ అత్త బజారునుంచి రాలేదేటి ఇంకా? కూరలమ్మితో బేరమాడతా ఉండిపోనాదా?"

నవ్య చూపు గోడ మీది పైడితల్లి ఫోటో వైపు వెళ్లబోయి ఆగింది. ఇంతసేపూ పట్టాలు తప్పకుండా నడిచిన మాట ఎక్కడ మలుపు తిరిగిందో కనపడలేదు. ఇప్పుడు అనిపించింది, హరి అన్నది తప్పు కాదని. డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

"మామయ్యా, ఇవాళ సాక్చీ వెళ్దాం. డాక్టరు దగ్గరికి."

"నాకేటయినాది?"

"కొన్ని గుర్తుండటం లేదు కదా. ఇప్పుడే చెప్పారు."

ఆయన గోడ వైపు చూశాడు. "నువ్వు నంబరిత్తావా?"

ఏ అంకె చెప్పినా చాలు, లేచి వచ్చేవాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ నంబరుకి అర్థమేమిటో ఆయన ఇప్పుడే చెప్పాడు. దారి ఖాళీగా ఉందని కళ్లతో చూసిన మనిషి ఇచ్చే మాట అది. ఆ డాక్టరు గదిలో ఏముందో తను చూడలేదు.

"ఇవ్వలేను మామయ్యా. లైన్ క్లియరో కాదో నాకు తెలీదు."

తవిటయ్య ముఖం ఆమె అనుకున్నట్టు ముడుచుకోలేదు. ఏదో పరీక్షలో ఆమె నెగ్గినట్టు, కళ్లద్దాల పైనుంచి చూశాడు. "తెలీనప్పుడు తెలీదనాల. అదే రూలు" అన్నాడు. "సిగ్నల్ ఫెయిలయితే బండి ఆగిపోదు కదా. పైలటింగ్ సేత్తాం."

"అంటే?"

"ముందు ఒక మనిషి జెండా పట్టుకుని నడుత్తాడు. ఎనకాల బండి మెల్లిగొత్తాది. మనిషి నడిసినంత స్పీడే." ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "నువ్వు ముందు నడు. నాను ఎనకాల వత్తాను. నా తెల్ల సొక్కా ఏది?"

నవ్య ఆయన చేయి పట్టుకుంది. ఆయన ఇస్త్రీ చొక్కా బీరువాలో ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఆయనకి ముందు నడుస్తూ బీరువా దగ్గరికి తీసుకెళ్లింది.

*

గేటు దగ్గర బైకు ఆగిన చప్పుడు. హరికిరణ్ లోపలికి వచ్చేసరికి తవిటయ్య తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. హరి తండ్రిని చూశాడు, చీకటిగా ఉన్న కంప్యూటరు తెరని చూశాడు, భార్యని చూశాడు.

"తెరుచుకోలేదా?"

"లేదు. నేను మార్చలేదు. ఆయనే వస్తానన్నారు" అంది నవ్య. ఏం జరిగిందో నాలుగు మాటల్లో చెప్పింది. హరి హెల్మెట్ పట్టుకునే విన్నాడు. ప్రైవేట్ నంబరు అన్నప్పుడు అతని పెదవి ఒక పక్కకి కదిలింది. కేబిన్ మెట్ల మీద ఆడుకుంటూ పెరిగినవాడు. అతనికి కొత్త సంగతిలా అనిపించలేదని ఆమె గమనించింది.

"ఆడికి సెప్తావేటమ్మా?" అన్నాడు తవిటయ్య అద్దంలో చూసుకుంటూ. "మజ్జానం డ్యూటీ ఆడిదే కదా."

"ఏ డ్యూటీ?"

"నువ్వు ఆఫీసుకెల్లినాక ఇంకోపాలి తెరుత్తాను కదా. అప్పుడు ఈడు తీసుకుంటాడు వంటింట్లోంచి. కానీ నీ అంత సుబ్బరంగా సెయ్యడు. నాన్నా, ఎంత సెప్పేవు అంటాడు. సెప్తాను. మల్లీ ఎంత సెప్పేవంటాడు."

నవ్య భర్త వైపు తిరిగింది. "మీరా?"

హరి హెల్మెట్‌ని బల్ల మీద పెట్టి, అది దొర్లకుండా చూసుకున్నాడు. "నీ పాత ల్యాప్‌టాప్ ఉంది కదా. నువ్వు ఏం కొడతన్నావో ఎనకాల నిలబడి చూసి నేర్చుకున్నా. నైట్ షిఫ్ట్ ఉన్నప్పుడు ఇంట్లోనే ఉంటాను కదా మధ్యాహ్నం. ఆయన అలా గోడకేసి నంబరు చెప్తా కూకుంటే... క్యా కరూఁ, ఏం చెయ్యను?"

"మరి నిన్న నన్నన్ని మాటలన్నారు?"

"నా వల్ల ఆపడం అవలేదు. నువ్వైనా ఆపుతావని."

కోపం రావలసిన చోట ఆమెకి అతని మీద ఎక్కడలేని జాలి వచ్చింది. ఒకే గోడకి ఇవతల ఇద్దరూ వేరువేరు పూటల్లో నిలబడి, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకే ముసలాయనకి దారి ఇస్తూ వచ్చారు. "పిచ్చోళ్లమండీ ఇద్దరం" అంది. హరి నవ్వడానికి ప్రయత్నించాడు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, నేల మీద గొంతుక్కూర్చుని, ఆయన కాలికి బూటు తొడగసాగాడు.

"పెళ్లికొడుక్కి తొడిగినట్టు తొడుగుతున్నావేట్రా" అన్నాడు తవిటయ్య.

నవ్య ఫోను మోగింది. సాక్చీ క్లినిక్ నుంచి ఒక అమ్మాయి, హిందీలో, చాలా మర్యాదగా మాట్లాడింది. హరికిరణ్‌జీ నంబరు దొరకలేదట, ఇంకో నంబరుగా ఇది ఇచ్చారట. ఈరోజు వస్తున్నారు కదా అని కనుక్కోవడానికి చేసింది.

"హాఁ, వస్తున్నాం. మా ఫాదర్ ఇన్ లా తయారవుతున్నారు" అంది నవ్య హిందీలో.

"ఔర్ దూస్‌రే పేషెంట్?"

"రెండో పేషెంటెవరు?"

అవతల కాగితం తిరగేసిన చప్పుడు. "మెమరీ టెస్ట్ దోనో కా హై, మేడమ్. ఏక్ తవిటయ్యజీ. ఏక్ హరికిరణ్‌జీ, ఉమ్ర్ బయాలీస్. ఉన్హోనే ఖుద్ లిఖ్‌వాయా థా."

నవ్య ఫోను చెవికి ఆనించుకునే ఆ హిందీని మనసులో తెలుగు చేసుకుంది: జ్ఞాపకశక్తి పరీక్ష ఇద్దరికీ, రెండోది నలభై రెండేళ్ల హరికి, తన పేరు తనే రాయించుకున్నాడు. ఆ గదిలో అందరికీ వినపడేంత స్పష్టంగా ఉంది ఆ గొంతు. హరి చేతులు బూటు లేసు మీద ఆగిపోయాయి. తవిటయ్య కొడుకు నెత్తి మీద చేయి వేసి, ఏమీ అడగకుండా, అక్కడే ఉంచాడు.

"మేడమ్? దోనో ఆ రహే హైఁ న?" ఇద్దరూ వస్తున్నారు కదా అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది.

హరి తల ఎత్తాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చూడని ముఖం అది. అందులో దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"హాఁ అని చెప్పు నవ్యా" అన్నాడు.